పేరు మారిన గోడలు: చారిత్రక భవనంలోని ప్రదర్శనశాల, వృత్తాంత ఋణం

విజయవాడ బందరు రోడ్డులోని ఒక పాత భవనానికి రెండు పేర్లున్నాయి. నగరంలో పెద్దవారు ఇప్పటికీ దానిని విక్టోరియా జూబిలీ మ్యూజియం అంటారు. 2020 అక్టోబరు తర్వాత అక్కడికి వచ్చిన విద్యార్థులకు అది బాపు మ్యూజియం. లోపలికి అడుగుపెట్టిన సందర్శకుడి చూపు వస్తువుల మీద నిలవడం సహజం. అల్లూరు నుంచి వచ్చిన తెల్లని సున్నపురాతి బుద్ధుడు, ఆదిమానవుల రాతి పనిముట్లు, నాణేలు, ఆయుధాలు, ఆలయ శిల్పాలు అక్కడ ఉన్నాయి. ప్రతి వస్తువు పక్కనా ఒక ఫలకం ఉంటుంది. అది ఏ కాలానిదో, ఎక్కడ దొరికిందో, దేనితో చేశారో ఆ ఫలకం చెబుతుంది. సందర్శకుడు చదువుతాడు, తలెత్తి మళ్లీ వస్తువును చూస్తాడు, పక్కదానికి జరుగుతాడు. గోడ దగ్గర మాత్రం ఆగడు. గోడ ఉన్నది వస్తువులకు నీడ ఇవ్వడానికేనన్న భావం సందర్శకుల్లో ఎంత బలంగా ఉందో, ప్రదర్శనశాలలను తీర్చిదిద్దేవారిలోనూ అంతే బలంగా ఉంది.

అయితే ఆ గోడ కూడా లోపలి నాణేల వలెనే ఒక కాలంలో, ఒక ప్రయోజనం కోసం, ఒక పేరుతో పుట్టింది. ఆ పేరూ ఆ ప్రయోజనమూ తరువాతి వారికి ఇష్టంలేనివైనప్పుడు ఏం చేయాలన్నది పరిపాలనకు సంబంధించిన ప్రశ్నగా కనిపించినా, మూలంలో అది నైతిక ప్రశ్న. గతానికి వర్తమానం చెల్లించవలసినది ఏది? అందులో రద్దు చేసుకోదగినది ఎంత? రద్దు చేసుకోవడానికి వీల్లేనిది ఎంత? విజయవాడ భవనం ఈ ప్రశ్నకు తగిన ఆలంబనం. దాని కథ సరళంగా లేకపోవడమే అందుకు కారణం.

1887 విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్లు నిండిన సంవత్సరం. సామ్రాజ్యంలో ఊరూరా గడియారపు స్తంభాలూ టౌను హాళ్లూ ఆసుపత్రులూ ఆమె పేరిట లేచిన కాలమది. కృష్ణా జిల్లా కలెక్టరుగా ఉన్న రాబర్ట్ సూయల్ ఆ ఏడాది జూన్‌లో ఈ భవనానికి శంకుస్థాపన చేశాడు. భారతీయ, ఐరోపా వాస్తురీతులు కలిసిన కట్టడం ఇది. ఇంతవరకు ఇది ఒక రాజభక్తి చిహ్నం మాత్రమే. కాని శంకుస్థాపన చేసిన వ్యక్తి ఎవరో గుర్తుచేసుకుంటే కథ చిక్కబడుతుంది. సూయల్ 1877లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించి, 1880లో వాటి నివేదికను ప్రచురించాడు. మద్రాసు రాజధానిలోని పురావశేషాల పట్టికలను కూర్చాడు. విజయనగర చరిత్ర మీద 1900లో వెలువడిన ప్రసిద్ధ గ్రంథం ఆయనదే. డొమింగో పేజ్, ఫెర్నావో నూనిజ్‌ల పోర్చుగీసు వృత్తాంతాలు ఆంగ్ల పాఠకులకు చేరింది ఆ గ్రంథం ద్వారానే. (ఆ గ్రంథం విజయనగరాన్ని మరపున పడిన సామ్రాజ్యమని శీర్షికలోనే పేర్కొంది. రాయవాచకమూ కృష్ణరాయవిజయమూ చదువుకుంటూ, రాయల సభ గురించిన చాటువులను నోటినోటా మోసుకొస్తున్న జాతి దానిని ఎప్పుడు మరచిందో ఆ శీర్షిక చెప్పదు.) ఒకవైపు ఆంధ్రదేశ గతాన్ని వెలికితీసినవాడు, మరొకవైపు ఆ గతానికి కొత్త యజమానురాలి పేరిట భవనానికి పునాదిరాయి వేసినవాడు, రెండూ ఒక్కడే. ఆయనను కృతజ్ఞతతో తలచుకోవాలా, కోపంతో తలచుకోవాలా అన్న సందేహానికి ఒక్క మాటలో సమాధానం దొరకదు.

అమరావతి ప్రస్తావన వచ్చింది కనుక మరొకటి కూడా చెప్పాలి. అక్కడి శిల్పాలు మద్రాసుకు, లండనుకు తరలిపోవడం తెలుగువారి మనసుల్లో ఇప్పటికీ మానని గాయం. ఆ బాధ న్యాయమైనదే. కాని సూయల్‌కు ముందే, 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతికి నివాసం మార్చినప్పుడు, దీపాలదిన్నె అని జనం పిలిచే ఆ దిబ్బలోని రాళ్లు కొత్త కట్టడాలకు వాడుకలోకి వచ్చాయి. పాలరాయివంటి ఆ సున్నపురాతిని కాల్చి సున్నం చేసినవారూ ఉన్నారు. సముద్రాలు దాటిన రాయి ఇప్పటికీ శిల్పంగానే ఉంది. బట్టీలో పడిన రాయి గోడలకు వెల్లగా మారింది. దీనివల్ల వలస పాలకుల తప్పు తగ్గిపోదు. తప్పొప్పుల పంపకం మాత్రం ఊహించినంత సులభం కాదని తేలుతుంది. గతం విషయంలో పూర్తిగా నిర్దోషులైన వారసులు ఎవరూ లేరు.

భవనాన్ని కట్టించినవాడి ఉద్దేశం తరువాతి వారిని ఎంతవరకు కట్టిపడేస్తుందన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి బెజవాడ దాటి వెళ్లనక్కరలేదు. ఇంద్రకీలాద్రి మల్లేశ్వరస్వామి ఆలయం దగ్గరి స్తంభం మీద చెక్కిన యుద్ధమల్లుని శాసనం తెలుగు సాహిత్య విద్యార్థులందరికీ పరిచితమే. దానిని ఎపిగ్రాఫియా ఇండికాలో పరిష్కరించి ప్రకటించినవారు జయంతి రామయ్య పంతులు. 10వ శతాబ్దికి చెందిన ఆ శాసనాన్ని సాధారణంగా ఛందస్సు కోసం చదువుతారు. నన్నయకు ముందే మధ్యాక్కర ఇంత నిండుగా నడిచిందని చూపడానికి ఉదాహరిస్తారు. తరగతి గదిలో యతి స్థానాలు లెక్కపెట్టడంతో ఆ పద్యాల పని అయిపోతుంది. వాటిలోని విషయం మీద దృష్టి పెట్టడం తక్కువ. అందులో బెజవాడ కుమారస్వామికి గుడి ఎత్తించిన సంగతి, మఠం కట్టించిన సంగతి ఉన్నాయి. ఆ మఠంలో గొరగలు, అంటే శైవ భిక్షువులు, మాత్రమే విడిది చేయాలని, ఇతరులు చేరితే పాపమని ఒక నిబంధన కూడా ఉంది.

బెజవాడలో దొరికిన తొలి తెలుగు పద్యాల్లోనే ఒక భవనంలో ఎవరు ఉండవచ్చు, ఎవరు ఉండరాదు అన్న చర్చ ఉండడం విశేషం. కట్టించినవాడి మాట అతని తరువాత కూడా చెల్లాలి, చెల్లకపోతే దోషం అన్నది శాసనాల ధర్మం. దానశాసనాల చివర వచ్చే శాపోక్తులన్నీ ఈ ధర్మానికి కాపలా కాస్తాయి. తాను చేసిన దానం కన్నా ఒకరు చేసిన దానాన్ని పాలించడంలో రెట్టింపు పుణ్యం ఉందన్న భావం ఆ శాసనాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఈ ధర్మాన్ని బందరు రోడ్డు భవనానికి అన్వయిస్తే ఏమవుతుంది? రాణి గౌరవార్థం లేచిన భవనాన్ని జాతీయోద్యమ స్మృతికి అంకితం చేయడం నిబంధన ఉల్లంఘనే కావాలి. 1962లో అది పురావస్తు ప్రదర్శనశాలగా రూపొందడం కూడా ఉల్లంఘనే కావాలి. ఈ నిర్ణయాన్ని ఎవరూ అంగీకరించరు, అంగీకరించనక్కరలేదు. పాలితుల నేల మీద, పాలితుల శ్రమతో కట్టిన దానికి పాలకుడు పెట్టిన షరతును పాలించడంలో పుణ్యమేమీ లేదు.

ఇక్కడ యుద్ధమల్లుని స్తంభమే మరొక దారి చూపుతుంది. ఆ మఠంలో ఇప్పుడు గొరగలు లేరు. కుమారస్వామి గుడి గురించి చెప్పే రాయి మల్లేశ్వరుని సన్నిధిలో ఉంది. రాజు పెట్టిన షరతు చెల్లిపోయింది, అతని శాపం ఎవరినీ ఆపలేకపోయింది. అయినా షరతు పెట్టాడన్న వృత్తాంతం వెయ్యేళ్లు దాటి నిలిచింది. ఆ వృత్తాంతం వల్లనే బెజవాడలో ఒకప్పుడు గొరగలు ఉండేవారని, వారి విడిది మీద ఎవరికో కన్ను ఉండేదని, ఆ వివాదం రాజు దాకా వెళ్లగలిగేదని ఊహించడానికి వీలవుతోంది. నిషేధం ఉందంటే, నిషేధించవలసినంతగా ఆ పని జరుగుతూ ఉండి ఉండాలి కదా.

దీనిని బట్టి ఒక భేదం చేయవచ్చు. భవనానికి పెట్టే పేరు గౌరవం. గౌరవం ఇచ్చేవారి చేతిలో ఉంటుంది. ఇచ్చినవారు, లేదా వారి వారసులు, దానిని వెనక్కి తీసుకోవచ్చు, అంతకన్నా అర్హులకు ఇవ్వవచ్చు. భవనం ఎలా పుట్టింది, ఎవరికోసం పుట్టింది, ఎన్ని చేతులు మారింది అన్న వృత్తాంతం ఋణం. దాన్ని వెనక్కి తీసుకునే హక్కు ఎవరికీ లేదు. భారతీయ సంప్రదాయంలో పితృఋణం అన్న భావన ఈ సందర్భంలో ఉపకరిస్తుంది. తండ్రి మంచివాడైతేనే కొడుకు తర్పణం విడవాలన్న నియమం ఎక్కడా లేదు. తర్పణంలో పెద్దల గుణగణాల ప్రశంస ఉండదు. పేరు, గోత్రం, వరుస చెబుతారు. ఫలానావాడు ఉండెను, అతని వల్ల వీడు ఉన్నాడు అన్నంత మాత్రమే ఆ కర్మ సారం. (కర్మకాండ అందరిదీ కాదు, దాని అధికారాన్ని కులం కొందరికే పరిమితం చేసింది. ఇక్కడ తీసుకుంటున్నది ఆ కర్మను కాదు, ప్రశంసకూ స్మరణకూ అది పాటించే ఎడాన్ని.) విక్టోరియా పేరును ముఖద్వారం మీదినుంచి తీసివేయడంలో తప్పు లేదు. ఆ పేరు ఒకప్పుడు అక్కడ ఎందుకుందో సందర్శకుడికి తెలియకుండా పోతే మాత్రం అది ఋణం ఎగవేయడమే.

ఈ నియమం వలస పాలకుల చరిత్రకే వర్తిస్తే అందులో పెద్ద విశేషం ఉండదు. శత్రువు గురించి నిజం చెప్పడం ఎవరికైనా సులభం. ఆత్మీయుల గురించిన కథ దగ్గరనే దానికి పరీక్ష. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ సంఘం బెజవాడలో సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌కు కోటి సభ్యత్వాలు, 20 లక్షల రాట్నాలు అన్న లక్ష్యాలను నిర్ణయించినది ఆ సమావేశమే. పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించిన ఘట్టాన్ని జనం ఈ భవనంతోనే ముడిపెట్టి తలచుకుంటారు. ఇప్పటి పేరు వెనుక ఉన్న భావోద్వేగమూ అదే. సభలో జెండాను సమర్పించారని, కాంగ్రెస్ దాన్ని ఆమోదించిందని ఈ కథను చెప్పే పద్ధతి ఒకటి స్థిరపడిపోయింది.

ఆ నెలలోనే యంగ్ ఇండియాలో గాంధీజీ రాసిన వ్యాసం చెప్పేది కొంత వేరు. మచిలీపట్నం జాతీయ కళాశాలకు చెందిన వెంకయ్య ఏళ్ల తరబడి వివిధ దేశాల జెండాలను పరిశీలిస్తూ వచ్చాడని, జెండా మీద రాట్నం ఉండాలన్న ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌దని అందులో ఉంది. బెజవాడలో గాంధీజీ కోరిన మీదట ఎరుపు, ఆకుపచ్చల మీద రాట్నంతో వెంకయ్య మూడు గంటల్లో నమూనా సిద్ధం చేశాడు. అయినా అది సంఘం ముందు పెట్టడానికి కొంచెం ఆలస్యమైపోయింది. అలా కావడమే మంచిదైందని గాంధీజీ అంటారు. నిదానంగా ఆలోచించినప్పుడు తక్కిన మతాలవారికి కూడా జెండాలో చోటుండాలని ఆయనకు తోచింది. తెలుపు వచ్చి చేరింది అప్పుడే. మూడు రంగుల జెండాను కాంగ్రెస్ లాంఛనంగా స్వీకరించడానికి 1931 దాకా ఆగవలసి వచ్చింది.

ప్రచారంలో ఉన్న కథ కన్నా ఈ వృత్తాంతం ఎన్నో రెట్లు విలువైనది. వెంకయ్య ఘనత ఇందులో ఏమాత్రం తగ్గదు. 1916 నాటికే జాతీయ పతాకం మీద పుస్తకం ప్రచురించిన మనిషి, అడిగిన మూడు గంటల్లో నమూనా చేతిలో పెట్టగలిగాడంటే దాని వెనుక ఎంత సాధన ఉందో ఊహించవచ్చు. ఒక ఆలస్యం, ఆ ఆలస్యం కల్పించిన పునరాలోచన, ఆ ఆలోచనలో విడిపోయినవారి కోసం వెతికిన చోటు, ఇవన్నీ జెండాలోని తెలుపులో ఉన్నాయి. సమర్పించారు, ఆమోదించారు అన్న రెండు క్రియలు దీనిని తుడిచేస్తాయి. సందర్శనకు వచ్చిన బడి పిల్లలకు ఈ ఆలస్యం గురించి చెప్పడానికి సంకోచించే ప్రదర్శనశాలకు, సూయల్ గురించి తీర్పు చెప్పే నైతిక బలం ఎక్కడినుంచి వస్తుంది? బాపు పేరు పెట్టుకున్న చోట బాపు స్వయంగా రాసినది చెప్పకపోవడం మరీ ఎబ్బెట్టు.

పేర్ల వరుసను గౌరవంతో నిమిత్తం లేకుండా చెప్పే పద్ధతి తెలుగు వచనానికి కొత్తది కాదు. మెకంజీ దొర కోసం కావలి సోదరులూ ఇతర సహాయకులూ సేకరించిన కైఫియతులను తిరగవేస్తే ఈ సంగతి స్పష్టపడుతుంది. ఊరికి ఆ పేరు ఎందుకు వచ్చింది, అంతకుముందు అక్కడ ఏ అడవి ఉండేది, గుడి ఎవరు కట్టించారు, మాన్యం ఎవరు ఇచ్చారు అని మొదలై, రెడ్ల ప్రభుత్వం, గజపతుల ప్రభుత్వం, కర్ణాటక ప్రభువులు, మొగలాయిలు, జమీందారులు, కుంఫిణీ అంటూ కైఫియతు ఆగకుండా సాగుతుంది. ఒక రాజు పోయాడని దుఃఖించదు, మరొకడు వచ్చాడని పండుగ చేసుకోదు. గుడి కట్టినవాడికీ గుడి కూలగొట్టినవాడికీ ఒకే రకమైన క్రియాపదం. సాహిత్య విమర్శకులు ఈ వచనాన్ని శుష్కమని తోసిపుచ్చుతూ వచ్చారు. ఆ శుష్కతలో ఒక నీతి ఉందని ఇప్పటికైనా గుర్తించాలి. చారిత్రక భవనంలోని ప్రదర్శనశాలకు కావలసిన స్వరం అదే.

కైఫియతు నిర్దోషి కాదు. దాన్ని అడిగినది సర్వే చేయడానికి వచ్చిన విదేశీ అధికారి, చెప్పినది కరణం. కరణానికి మాన్యాల మీద, మిరాశీల మీద తన లెక్కలు తనకుండేవి. ఏ చెరువు ఎవరు తవ్వించారో కైఫియతు చెబుతుంది, ఎవరు తవ్వారో చెప్పదు. తవ్వించడానికీ తవ్వడానికీ మధ్య ఉన్న ఒక్క ప్రేరణార్థక ప్రత్యయంలో తెలుగు చరిత్ర రచన సగం దాగి ఉంది. శాసనాల నుంచి కైఫియతుల దాకా, అక్కడినుంచి పురావస్తు నివేదికల దాకా ఇదే వరుస. సూయల్ తవ్వించాడు అని ఈ వ్యాసం కూడా రాయక తప్పలేదు. అమరావతి దిబ్బ మీద ఎండలో పార పట్టిన చేతుల ఊసు ఆ వాక్యంలో లేదు.

అల్లూరు బుద్ధుని దగ్గర ఈ చర్చ మరొక మలుపు తీసుకుంటుంది. 3, 4 శతాబ్దాల నాటిదని చెప్పే ఆ మూర్తి ముందు ఒకప్పుడు దీపం వెలిగి ఉంటుంది, పూలు రాలి ఉంటాయి. ఇప్పుడు ఆ మూర్తిని పూజించేవారు అక్కడ లేరు, చూసేవారే ఉన్నారు. కట్టించినవాడి షరతు చెల్లదని భవనం విషయంలో ఒప్పుకున్నవారు, చెక్కించినవాడి సంకల్పం చెల్లదని మూర్తి విషయంలో కూడా ఒప్పుకోవాలి కదా అన్న ఆక్షేపణ రావచ్చు. ఆ ఆక్షేపణలో బలం ఉంది. అయితే రెండింటికీ పోలిక ఒక మేరకే. రాణి గౌరవం పోయినా భవనానికి కొరత లేదు. బుద్ధునికి ఊరు పోయింది, వందనం పోయింది. ఆ కొరత ఫలకంలోని ‘స్థలం: అల్లూరు’ అన్న రెండు మాటల్లో ఇమడదు. విగ్రహాన్ని వెనక్కి పంపితే సరిపోతుందని కూడా అనలేం. అల్లూరులో ఆ విహారం లేదు, ఆ సంఘం లేదు. కొన్ని ఋణాలు తీర్చేవి కావు, తీర్చలేమని ఒప్పుకోవలసినవి. మూర్తి ఇక్కడికి ఎలా వచ్చిందో, వచ్చేటప్పుడు ఏమి పోగొట్టుకుందో చెప్పడం ఆ ఒప్పుకోలులో భాగం. నగర ప్రదర్శనశాలలు తమ సేకరణ చరిత్రను రిజిస్టర్లలో దాచుకుని, వస్తువు ప్రాచీనతను మాత్రమే గోడమీద పెట్టడం చాలాకాలంగా అలవాటైన పని. ఆ అలవాటు మారాలి.

భవనాన్నే తొలి ప్రదర్శనవస్తువుగా భావిస్తే, దానికి కూడా లోపలి నాణేలకూ శిల్పాలకూ ఉన్నట్లే ఒక ఫలకం కావాలి. అది గుమ్మం బయట, ప్రారంభోత్సవ శిలాఫలకాల సరసన ఉండడం సరిపోదు. అక్కడ ఉండేవి గౌరవాలు. ఇది లోపల, మొదటి వస్తువు పక్కన ఉండాలి. దాని పాఠం కైఫియతు రీతిలో ఇలా ఉండవచ్చు:

“పదార్థం: రాయి, ఇటుక, సున్నం, కలప. కాలం: 1887. కారణం: విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్లు. పునాదిరాయి వేసినవాడు: రాబర్ట్ సూయల్, కలెక్టరు, అంతకు పదేళ్ల ముందు అమరావతి స్తూపాన్ని తవ్వించినవాడు. 1921లో ఈ ఊరిలో జరిగిన కాంగ్రెస్ సంఘ సమావేశాన్ని, పింగళి వెంకయ్య జెండాను ఇక్కడ తలచుకుంటారు. ఆ జెండా సమావేశానికి అందలేదు, అందకపోవడం వల్ల అందులోకి తెలుపు వచ్చింది. 1962 నుంచి ప్రదర్శనశాల. 2020 నుంచి బాపు మ్యూజియం. కట్టినవారు:”

ఆ చివరి మాట తరువాత తాపీమేస్త్రీలకూ వడ్రంగులకూ కూలీలకూ రెండు వరుసల చోటు వదిలి ఉంచాలి. ఏ పాత చిట్టాలోనో పేర్లు దొరికిననాడు చెక్కుకోవచ్చు.